మందు తిన్న బలము, చప్పట్లు కొట్టిన జనము

1889వ సంవత్సరమున హైదరాబాదు రాజ్యములోని ఇల్లందు ప్రాంతమందు, ఇంగ్లండులో నెలకొల్పబడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీవారు భూగర్భమునుండి బొగ్గు తీయుట కారంభించిరి. నేడు గోదావరికి ఉత్తరపు గట్టున మంచిర్యాల చేరువ శ్రీరాంపూర్ గనులలో మూడు షిఫ్టులు నడచుచున్న సింగరేణి చరిత్రకు ఆ సంవత్సరమే తొలి మెట్టు. ఆ యేడే జూన్ మాసమున పారిస్ నగరమందు, 72 ఏండ్ల వృద్ధుడును శరీరధర్మశాస్త్రమున పేరెన్నిక గన్నవాడును అగు బ్రౌన్-సెకార్ అను పండితుడు, కుక్కల యొక్కయు గినీపందుల యొక్కయు వృషణములనుండి తీసిన రసమును సూదితో తన దేహమున కెక్కించుకొని, పోయిన సత్తువ మరలి వచ్చినదని విద్వత్సభలో ప్రకటించెను. మూడు నెలలు గడవకమునుపే, బొగ్గునకును ఉక్కునకును నిలయమైన అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరమున పడ్ గాల్విన్ అను బేస్‌బాల్ ఆటగాడు ఆ రసమునే ఎక్కించుకొని బోస్టన్ జట్టుపై బంతి విసరగా, అతని జట్టు 9–0తో గెలిచెను. ఈ సంగతి రహస్యముగా జరిగినది కాదు. పత్రికలు దానిని బాహాటముగా ప్రకటించి, రసాయనముయొక్క మహిమను కొనియాడెనే గాని, ఇది అన్యాయమని ఒక్క మాటయు అనలేదు. ఆ రసమున నిజముగా బలమిచ్చు పదార్థ మేమియు లేదని పిదప శాస్త్రజ్ఞులు తేల్చిరి. కాని బలము సూదిలో దొరకునన్న ఆశ మాత్రము ఆనాడే క్రీడారంగమున అడుగు పెట్టినది, జనులు దానికి చప్పట్లతో స్వాగతము పలికిరి.

ఆ చప్పట్ల చరిత్రయే ఈ వ్యాసమునకు విషయము. మందు తిన్న క్రీడాకారుని గూర్చి వ్రాసినవారు అనేకులు కలరు. అతనిని చూచి కేకలు వేసినవారిని గూర్చి, ఒకనాడు పూలు చల్లి మరునాడు దుమ్మెత్తి పోసినవారిని గూర్చి విచారించినవారు తక్కువ. బలమును చూచి పరవశించుట మన ప్రాంతమువారికి క్రొత్త కాదు గనుక, ఆ విచారణ మనకును అవసరమే.

పూర్వపు ఆదిలాబాదు, నిజామాబాదు జిల్లాల పల్లెలలో జాతర జరిగిన చోటనెల్ల కుస్తీలు జరుగుట నేటికిని ఆచారముగా నున్నది. పసివాండ్ర కొబ్బరికాయ కుస్తీతో మొదలై, ప్రొద్దు వాలు వేళకు పేరుమోసిన వస్తాదులు వెండి కడియమునకై తలపడు దాక ఆ గోదా చుట్టును జనము కదలదు. అక్కడ జతను కుదుర్చునది జనమే. ఈడు, జోడు చూచి, ఒడ్డు పొడుగు సరితూగినదా యని పరికించి, సరితూగనిచో ఒప్పుకొనక కేకలు వేయునదియు జనమే. తాలీంఖానాలో ఏండ్ల తరబడి తీసిన దండెములు, బస్కీలు, మట్టిలో కలిసిన చెమట, ఇంటివారు తాము మానుకొని పోసిన పాలు, పెట్టిన బాదములు, వీటిచే కూడిన బలమని నమ్మియే ఆ జనము కడియము తొడుగును. బొగ్గుబాయిలలోను ఇట్టి గౌరవమే ఉండెడిది. యంత్రములు దిగక పూర్వము కోల్ ఫిల్లర్లు తట్టలతో బొగ్గు నెత్తి టబ్బులు నింపి, నింపిన టబ్బుల లెక్కను బట్టి కూలి పొందెడి దినములలో, బలవంతుడైన ఫిల్లరు పేరు బాయి బయటను వినబడుచుండెను. సింగరేణిలోని వర్క్ పీపుల్ స్పోర్ట్స్ అండ్ గేమ్స్ అసోసియేషన్ ప్రతి యేట నడుపు పోటీలలో కబడ్డీ కూతకు వెళ్ళువారిని, బరువు లెత్తువారిని చూచుటకు మూగు కార్మిక కుటుంబములు ఆ గౌరవమునకు వారసులు. దేహమును నమ్ముకొని బ్రదికినవారు దేహబలమును ఆరాధించుట సహజము. ఆ ఆరాధన ఎప్పుడు మేలు చేయును, ఎప్పుడు కీడు చేయును అనుదానికి అమెరికా బేస్‌బాల్ చరిత్రకంటె విపులమైన దృష్టాంతము మరొకటి కానరాదు.

మన క్రికెట్టునకు దాయాది యగు ఆ క్రీడలో, కొట్టిన బంతి మైదానమును దాటి ప్రేక్షకులలో పడినచో దానిని హోమ్‌రన్ అందురు. ఆ దేశీయులకు ఆ హోమ్‌రన్ల లెక్కలు కేవలము అంకెలు కావు. తండ్రి కొడుకునకు అప్పగించు ఆస్తివంటివి. 1927లో బేబ్ రూత్ ఒక్క సీజనులో కొట్టిన 60, అతడు జీవితకాలమున కొట్టిన 714, ఇవి బడిపిల్లలకును కంఠస్థములు. 1961లో రోజర్ మారిస్ 61 కొట్టిన యేడు, సీజనులోని ఆటల సంఖ్య 154నుండి 162కు పెరిగినది గనుక ఆ రికార్డును వేరుగా చూపవలెనని క్రీడాధికారియే పలికెను. నాటినుండి అనుమానాస్పదమైన అంకె ప్రక్కన చుక్కగుర్తు పెట్టవలెనన్న మాట ఆ దేశపు నానుడిలో చేరిపోయెను. 1973, 74 సంవత్సరములలో నల్లజాతివాడైన హ్యాంక్ ఆరన్ రూత్ 714ను సమీపించుచున్నప్పుడు, అతనికి ద్వేషపూరితములైన ఉత్తరములును, చంపెదమను బెదిరింపులును కుప్పలుగా వచ్చెను. ఆరన్ హోమ్‌రన్ల వెనుక కండలు పెంచు మందు ఉన్నదన్న అనుమానము లేదు. కావున ప్రేక్షకుని కోపము ఎల్లప్పుడును ధర్మాగ్రహమే యని భ్రమపడరాదు. దానిలో జాతి, ఊరు, అలవాటు, అసూయ కలిసి యుండును. ఈ సంగతిని మనస్సున నుంచుకొనియే తరువాతి కథను చదువవలెను.

1994 ఆగస్టులో వేతనముల విషయమై క్రీడాకారులకును జట్ల యజమానులకును తగవు ముదిరి సమ్మె జరిగెను. 1904 తరువాత మొట్టమొదటిసారిగా ఆ యేడు వరల్డ్ సిరీస్ ఆగిపోయెను. సమ్మె ముగిసినను ప్రేక్షకులు అలిగి స్టేడియములకు దూరమైరి. పోయిన జనమును మరల రప్పించినది 1998 నాటి హోమ్‌రన్ల పోటీ. సెయింట్ లూయీ జట్టులోని మార్క్ మెగ్వైర్, షికాగో జట్టులోని శామీ సోసా, ఇరువురును మారిస్ 61ను దాటుటకు పోటీపడుచుండగా దేశమంతయు ఊపిరి బిగబట్టి చూచెను. సెప్టెంబరు 8వ తేదీన మెగ్వైర్ 62వ హోమ్‌రన్ కొట్టి, ఆ సీజనును 70తో ముగించెను. సోసా 66 కొట్టెను. ఆ 70వ బంతి వేలములో 30 లక్షల డాలర్లు పలికెను.

ఆ సంబరము నడుమ ఒక చిన్న గోధుమరంగు సీసా బయటపడినది. ఆగస్టు మాసమున స్టీవ్ విల్‌స్టీన్ అను అసోసియేటెడ్ ప్రెస్ విలేఖరి, ఆటగాండ్ర గదిలో మెగ్వైర్ బీరువా అరలో బహిరంగముగా పెట్టియున్న ఆ సీసాపై ఆండ్రోస్టీన్‌డయోన్ అను పేరు చదివి, దానిని గూర్చి విచారించి వార్త వ్రాసెను. దేహములో పురుష హార్మోనుగా మారు ఆ పదార్థమును ఒలింపిక్ సంఘము అప్పటికే నిషేధించి యుండెను, బేస్‌బాల్ నిషేధింపలేదు, ఆనాడు అంగళ్ళలో ఎవరైనను కొనగలుగుచుండిరి. అప్పుడు ప్రేక్షకులు ఎవరిపై కోపగించిరి? సీసా యజమానిపై కాదు, సీసాను చూచినవానిపై. ఇతరుల అరలలో తొంగిచూచుట నీచమని విలేఖరిని నిందించిరి. జట్టు మేనేజరు టోనీ లరూసా ఆ వార్తాసంస్థవారిని గదిలోనికి రానీయరాదనెను. నింద అటుండగా ఆ మందు అమ్మకములు దేశమంతట పెరిగినవి. తమ కనులయెదుట జరుగుచున్న అద్భుతమునకు కారణము తెలియుట ఆనాటి జనమునకు ఇష్టము లేకపోయెను. పోయిన ఆనందము తిరిగి వచ్చినవేళ దానిని ప్రశ్నించువాడు శత్రువువలె కనబడుట మానవస్వభావము. కాని ఆ స్వభావమే ఆ తరువాతి పదేండ్ల దుర్గతికి తలుపు తీసినది.

2001లో శాన్‌ఫ్రాన్సిస్కో జట్టుయొక్క బారీ బాండ్స్ 73 హోమ్‌రన్లు కొట్టి మూడేండ్లనాటి రికార్డును చెరిపివేసెను. 2002లో, 1996 సంవత్సరపు ఉత్తమ క్రీడాకారుడుగా బహుమతి పొందిన కెన్ కామినిటి, ఆ యేడు తాను స్టెరాయిడ్లు వాడితినని ఒక పత్రికతో బాహాటముగా చెప్పెను. రెండేండ్లకే అతడు మరణించెను. 2003లో పేర్లు వెల్లడింపక జరిపిన పరీక్షలలో నూటికి 5 మందికంటె ఎక్కువమంది పట్టుబడిరి. ఆ సెప్టెంబరులోనే కాలిఫోర్నియాలోని బాల్కో అను సంస్థపై అధికారులు దాడి చేయగా, పరీక్షలకు చిక్కని మందులను తయారుచేసి క్రీడాకారులకు చేరవేసిన వ్యాపారము వెలికివచ్చెను. 2007 డిసెంబరులో మాజీ సెనేటర్ జార్జ్ మిచెల్ సమర్పించిన 409 పుటల నివేదికలో 89 మంది క్రీడాకారుల పేర్లు ప్రకటితములయ్యెను.

జనుల మనస్సు మారిన ఘట్టము మాత్రము ఈ నివేదికలలో లేదు. 2005 మార్చి 17న అమెరికా కాంగ్రెసు సంఘము ఎదుట జరిగిన విచారణలో కలదు. ఆనాడు మెగ్వైర్ గడచిన సంగతులు మాట్లాడుటకు తాను రాలేదని పలుమారు చెప్పి తప్పించుకొనెను. అంతకుముందే అదే బల్ల వెనుక, స్టెరాయిడ్లు వాడి పిమ్మట ఆత్మహత్య చేసికొనిన ఇరువురు యువకుల తల్లిదండ్రులు కూర్చుండి తమ బిడ్డల కథను చెప్పిరి. అందొక బాలుడు 17 ఏండ్లవాడు, బడిలో బేస్‌బాల్ ఆడినవాడు. పెద్దపెద్ద స్టేడియములలోని జయజయధ్వానము ఏ ఇంటివరకు చేరినదో, ఏ పసివాని చేతికి సూది నందించినదో ఆనాడు దేశము విన్నది. అంతవరకు రికార్డు పుస్తకమునకు సంబంధించిన తగవుగా నుండినది, ఆ గడియనుండి కన్నవారి కడుపుకోతగా మారెను.

అయినను ప్రేక్షకుని తీర్పు సమతూకమును పొందలేదు. అనుమానమంతయు, బాల్కో వ్యవహారమున పేరు వినబడిన బారీ బాండ్స్‌పై కేంద్రీకృతమయ్యెను. 2006 ఏప్రిల్‌లో శాన్‌డియేగోలో అతడు ఫీల్డింగు చేయుచుండగా గ్యాలరీనుండి ఎవరో సూది తీసివేసిన సిరంజి నొకదానిని మైదానములోనికి విసరిరి; అతడు దానిని చేత తీసికొని గీత బయట పెట్టెను. పరాయి ఊళ్ళలో అతడు బ్యాటు పట్టినప్పుడెల్ల చుక్కగుర్తు వ్రాసిన అట్టలు లేచుచుండెను, ఛీత్కారములు మిన్నుముట్టుచుండెను. సొంత ఊరగు శాన్‌ఫ్రాన్సిస్కోలో అదే మనిషికి అదే దెబ్బకు బ్రహ్మరథము పట్టుచుండిరి. 2007 ఆగస్టు 7న అతడు 756వ హోమ్‌రన్ కొట్టి హ్యాంక్ ఆరన్ 755ను దాటినది ఆ సొంత మైదానమందే. ఆరన్ స్వయముగా రాలేదు గాని, ఆయన అభినందనము తెరపై చూపబడెను. బాండ్స్ విషయమున తెల్లవారి అభిప్రాయమునకును నల్లవారి అభిప్రాయమునకును పెద్ద అంతరము ఉన్నదని నాటి అభిప్రాయసేకరణలు తెల్పినవి. తాము ఆరన్‌ను అవమానించిన సంగతి మరచి, ఇప్పుడు ఆరన్ గౌరవము పేర మరియొక నల్లవానిని నిందించుచున్నారన్న బాధ ఒక వర్గమున నిలిచియే యుండెను.

ఆ 756వ బంతి గతియే ఈ కాలమునకు తగిన సాక్ష్యము. మార్క్ ఎకో అను దుస్తుల రూపశిల్పి దానిని 7,52,467 డాలర్లకు కొని, దీని నేమి చేయవలెనో మీరే చెప్పుడని జనులను అడిగెను: ఉన్నదున్నట్లు మ్యూజియమునకు పంపుటయా, చుక్కగుర్తు ముద్రించి పంపుటయా, రాకెట్టులో పెట్టి అంతరిక్షమునకు విసరివేయుటయా? కోటికి మించిన ఓట్లు పడగా, మూడింటిలో అన్నిటికంటె ఎక్కువ ఓట్లు చుక్కగుర్తునకు వచ్చినవి. గుర్తు కోయబడిన ఆ బంతి 2008లో కూపర్స్‌టౌన్‌లోని బేస్‌బాల్ మ్యూజియమునకు చేరెను. పూర్తిగా తుడిచివేయుటకు జనము ఒప్పుకొనలేదు, మచ్చలేనిదిగా ఆమోదించుటకును ఒప్పుకొనలేదు. చరిత్ర చరిత్రగా ఉండవలెను, కాని దానిపై సందేహమును శాశ్వతముగా చెక్కవలెనని తీర్పిచ్చినది. ఆ జనసమూహమునుండి ఈ కాలమున వెలువడిన మాటలలో వివేకమున్నది ఇదొక్కటే యని నా అభిప్రాయము.

తక్కినవాని చరిత్ర అంత గౌరవాస్పదము కాదు. 2010 జనవరిలో మెగ్వైర్ తప్పు ఒప్పుకొని శిక్షకుడుగా సెయింట్ లూయీకి తిరిగి రాగా ఆ ఊరివారు లేచి నిలబడి స్వాగతించిరి. రయన్ బ్రాన్ అను ఆటగాడు 2011లో పరీక్షలో పట్టుబడి, నమూనా తీసికొనిన ఉద్యోగిపై నింద మోపి తప్పించుకొని, 2013లో నిజము తేలి 65 ఆటల నిషేధమునకు గురియై, 2014 మార్చి నెలాఖరున మిల్వాకీకి మరలినప్పుడు సొంతవారు నిలబడి చప్పట్లు కొట్టిరి. కొలది దినములకే ఫిలడెల్ఫియాలో ఛీకొట్టిరి. బాండ్స్‌కు బేస్‌బాల్ కీర్తిమందిరమగు హాల్ ఆఫ్ ఫేమ్ ప్రవేశమునకు నూటికి 75 ఓట్లు కావలసియుండగా, పత్రికా రచయితల ఓటింగులో పదవదియు చివరిదియు అగు 2022 అవకాశమందు 66 మాత్రమే వచ్చినవి. 2003 నాటి రహస్య జాబితాలో పేరున్నదని పత్రికలలో వచ్చిన డేవిడ్ ఓర్టిజ్ అదే యేడు మొదటిసారియే ఎన్నికయ్యెను. ఆ కాలమంతయు క్రీడను పాలించి, పెరిగిన రాబడిని కండ్లార చూచిన కమిషనర్ బడ్ సీలిగ్‌నకు 2017లోనే ఆ మందిరమున స్థానము లభించెను. మందు వాడినవాడు వాకిట నిలిచెను. వాడకమును చూచీ చూడనట్లున్న వ్యవస్థకు లోపల పీట వేయబడెను.

మన తెలుగునాటను ఇట్టి పరీక్ష ఒకమారు వచ్చినది. అది మందు విషయము కాదు, ఆటను అమ్ముకొనుట విషయము. 1984–85లో ఇంగ్లండుపై తన మొదటి మూడు టెస్టులందును శతకములు సాధించిన హైదరాబాదీ మహమ్మద్ అజహరుద్దీన్‌పై 2000 డిసెంబరులో క్రికెట్ బోర్డు జీవితకాల నిషేధము విధించెను. 99 టెస్టులవద్ద అతని ఆట నిలిచిపోయెను. 2009లో మొరాదాబాదు ఓటర్లు అతనిని లోక్‌సభకు పంపిరి. 2012 నవంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధము చెల్లదనెను. 2019లో హైదరాబాద్ క్రికెట్ సంఘము అతనిని అధ్యక్షునిగా ఎన్నుకొనెను. న్యాయస్థానపు తీర్పు న్యాయస్థానపు తీర్పే. దానిపై నాకు వివాదము లేదు. నేను చెప్పదలచినది వేరు. ఆ పండ్రెండేండ్ల కాలమున తీర్పుకై ఎదురుచూచినవారు మనలో కొద్దిమంది. ముందే మనస్సున తీర్మానించుకొనినవారు అనేకులు. మణికట్టు త్రిప్పి కొట్టిన ఆ షాట్లను ప్రేమించినవారికి నేరము నమ్మశక్యము కాలేదు. ప్రేమింపనివారికి ఋజువుతో పనిలేకపోయెను. శాన్‌ఫ్రాన్సిస్కోకును ఫిలడెల్ఫియాకును నడుమనున్న దూరమే మన వీథులలోను ఉన్నది.

మందు విషయమునను మనము అంటీ ముట్టనట్లుండ వీలు లేదు. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస ప్రాంతమునుండి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్సులో వెయిట్‌లిఫ్టింగునందు 240 కిలోలెత్తి కంచు పతకము సాధించి, ఒలింపిక్ పతకము పొందిన తొలి భారతీయ మహిళయైనది. నాలుగేండ్లకు ఏథెన్సులో ఆ క్రీడయందే ఇరువురు భారతీయ క్రీడాకారిణులు పరీక్షలో పట్టుబడిరి. 2009 నాటి వరుస ఉల్లంఘనలకు భారత వెయిట్‌లిఫ్టింగ్ సంఘముపై 5 లక్షల డాలర్ల జరిమానా పడినది. కొందరు మ్రింగిన మందుచే మచ్చలేనివారి చెమటపైకూడ నీడ పడుట ఈ పాపములోని ఘోరమైన భాగము. 2023లో మన దేశమున పరీక్షించిన 5,606 నమూనాలలో 213 దోషయుక్తములని తేలెను. ఆ సెప్టెంబరులోనే ఢిల్లీ రాష్ట్ర పోటీలలో, పరీక్షాధికారులు వచ్చినారని తెలియగానే నూరు మీటర్ల పరుగు తుదిపోటీలో పాల్గొనవలసినవారు మాయమై, ఒకే ఒక యువకుడు ట్రాకుపై ఒంటరిగా పరుగెత్తెను. ఆ స్టేడియము స్నానాగారములలో వాడి పారవేసిన సిరంజిలు కానవచ్చెను. ఆ పిల్లలలో కోటీశ్వరులు కాగోరువారు ఎందరుందురు? పతకమునకు క్రీడాకోటా ఉద్యోగము, ఉద్యోగమునకు ఇంటిల్లిపాది బ్రదుకుతెరువు ముడిపడి యున్న దేశమిది. అమెరికాలో డాలరు త్రోసినచో, ఇచట ఆకలి త్రోసినది.

గనిప్రాంతమువారికి ఈ విషయమున ఒక అనుభవసంపద కలదు. బాయిలో పైకప్పు కూలి ప్రమాదము జరిగినప్పుడు, కార్మికుడే అజాగ్రత్తగా నుండెనని వ్రాసి కాగితము మూయుటకు ప్రయత్నించువారు ఎల్లప్పుడు నుందురు. దిమ్మలు సరిగా నిలిపిరా, ఉత్పత్తి లక్ష్యమునకై తొందరపెట్టినవారెవరు, మేనేజరు చూచినదేమి అని అడిగి తీరవలెనని కార్మికులు తరతరములుగా పోరాడిరి. 1952 నాటి గనుల చట్టము మేనేజరునకును యజమానికిని బాధ్యత విధించినది. ఆ న్యాయమునే క్రీడకు పట్టింపవలెను. మందు తినినవానికి శిక్ష తప్పదు, తప్పరాదు. కాని మందు అమ్మినవాడు, ఇచ్చిన శిక్షకుడు, తెలిసియు మౌనము వహించిన సంఘము, దెబ్బ వెంబడి దెబ్బ ఇంకను దూరము పోవలెనని కేకలు వేసి కారణమడుగని ప్రేక్షకుడు, వీరిని విడిచిన విచారణ సగము విచారణయే.

మన గోదాల చుట్టును నిలిచిన పెద్దలు జత సరితూగనప్పుడు ఒప్పుకొనక అరచెడివారని పైన వ్రాసితిని. ఆ అరపు ఓడిపోవుచున్నవాని పక్షమున వేసినది, తమ ఊరివాడే గెలుచుచున్నను వేసినది. ప్రేక్షకధర్మమనగా నా దృష్టిలో అదియే. రేపు మన శ్రీరాంపూర్ ప్రగతి స్టేడియములో ఒక పిల్లవాడు ఉన్నట్టుండి కండలు పెంచి నలుగురిని ఒంటిచేత విదిలించినప్పుడు, వాడు మనవాడని మురియుటకు ముందు వాని ఆరోగ్యమును, వాని శిక్షకుని పద్ధతిని, వాని మూటలోని డబ్బాలను గూర్చి అడుగగలిగినవాడే వానికి నిజమైన అభిమాని. పరాయివాడు పట్టుబడినప్పుడు ఎంత కఠినముగా మాట్లాడుదుమో మనవాడు పట్టుబడినప్పుడును అంతే కఠినముగా, మనవానిపై ఎంత దయ చూపుదుమో పరాయివానిపైనను అంతే దయతో మాట్లాడుట నేర్చిననాడు, మన చప్పట్లకు విలువయు, వానిని నమ్ముకొని మైదానమున దిగు పిల్లలకు రక్షణయు కలుగును.